పరగడుపు గీత

నేను డాక్టర్ని కాను. విజయవాడలో ఒక పెద్దాసుపత్రిలో డాప్లర్ గది నర్సుని, పేరు మార్తమ్మ. ఇరవై మూడేళ్లుగా ఆ చీకటి గదిలో పేషెంట్లని పడుకోబెట్టి, పొట్ట మీద జెల్ రాసి, ఎడమ పక్కకి తిరగండి, ఊపిరి బిగబట్టండి అని చెప్పడం నా పని. ఇంతేనా అని మీకు అనిపిస్తే నాకేం కోపం రాదు, చాలామంది డాక్టర్లకి కూడా అలాగే అనిపించింది. అయితే ఆ గదిలోకి వచ్చే ప్రతి మనిషినీ నేను ఒక మాట అడుగుతాను: "పొద్దున లేచిన దగ్గర్నుంచి నోట్లోకి ఏమేం వెళ్లాయి?" పరగడుపునే వచ్చారా అని అడగను. అలా అడిగితే అందరూ బుద్ధిగా తల ఊపుతారు. ఏమేం వెళ్లాయంటే మాత్రం ముందు టీ బయటికొస్తుంది, టీ వెనక రెండు రస్కులు, రస్కుల వెనక పక్కింటివాళ్లు బలవంతంగా పెట్టిన అట్టు. అన్నీ టైముతో సహా నా రిజిస్టర్లో రాస్తాను. తిన్నవాళ్లని ఎంత పెద్దవాళ్లైనా బెంచీ మీద కూర్చోబెడతాను. ఒకసారి ఒక రిటైర్డ్ జడ్జిగారిని నాలుగు గంటలు కూర్చోబెట్టాను. ఆయన తిట్టిన తిట్లలో సగం నాకు అర్థం కూడా కాలేదు.

ఎందుకింత పట్టుదల అంటే, అన్నం తిన్నా అట్టు తిన్నా పొట్టలోకి రక్తం పరుగెత్తుతుంది. ఆ పరుగు చప్పుడు విని కొలిచేదే మా డాప్లర్ మెషీన్. తిన్న పొట్ట మీద కొలిస్తే ఆ అంకెలు ఎందుకూ పనికిరావు.

ఆ గదిలోనే డాక్టర్ ఇందుమతి పని నేర్చుకున్నారు. మెషీన్ వాడటం ప్రొఫెసర్లు నేర్పారు. జెల్ ముందు అరచేతిలో వెచ్చబెట్టి తర్వాత పేషెంటు ఒంటికి రాయడం నేను నేర్పాను. ఆవిడ తెలివి చూస్తే నాకు ముచ్చటేసేది. కళ్లు మూసుకుని స్పీకర్లో చప్పుడు వినేవారు. "మార్తమ్మగారూ, ప్లీహం మనకి అంతా చెప్పేస్తోందండీ, మనమే పూర్తిగా వినకుండా లేచిపోతున్నాం," అనేవారు.

ఆ మాటలోంచే పట్టీ పుట్టింది. కాలేయం గట్టిపడిపోయిన మనిషిలో పేగుల రక్తానికీ ప్లీహం రక్తానికీ కాలేయంలోకి దారి ఉండదు. వెనక్కి తన్నుకొస్తుంది. ఎడమ డొక్కలో ఉండే ప్లీహం ఉబ్బుతుంది. తన్నుకొచ్చిన రక్తం గొంతుకీ పొట్టకీ మధ్య గొట్టంలో ఉండే సన్నటి సిరల్లోకి ఎక్కి వాటిని ఉబ్బిస్తుంది. అవి ఎప్పుడు పగులుతాయో ఎవరికీ తెలియదు. పగిలిన రోజు మనిషి బేసిన్ నిండా రక్తం కక్కుకుంటాడు, సగం మంది ఆసుపత్రి గడప దాకా రాలేరు. ఇందుమతి మేడం ఆరేళ్లు కష్టపడి, నాలుగు వేళ్ల వెడల్పు పట్టీలో మొత్తం డాప్లర్ మెషీన్‌ని ఇమిడ్చారు. దాన్ని ఎడమ డొక్కకి కట్టుకుంటే చాలు. పది నిమిషాలకోసారి ప్లీహం సిరలో రక్తం చప్పుడు వింటుంది. ముప్పు లేకపోతే ఆకుపచ్చ దీపం, పెరుగుతుంటే పసుపు, రెండు రోజుల్లో పగిలేలా ఉంటే ఎరుపు. ఎరుపు రాగానే ఆసుపత్రికి వస్తే గొంతులోంచి గొట్టం దించి, ఉబ్బిన సిరలకి రబ్బరు బ్యాండ్లు వేసేస్తారు.

మనుషులందరి రక్తం ఒకే వేగంతో పోదు కదా. అందుకని పట్టీ కట్టే రోజున ఆ మనిషి పరగడుపు చప్పుడు రికార్డు చేసి, దాన్ని గీతగా పెట్టేవారు. తర్వాత ప్రతి చప్పుడునీ పట్టీ ఆ గీతతోనే పోల్చుకునేది, గీత దాటి ఎంత పైకి పోతే అంత ముప్పు. మూడో అంతస్తులో ల్యాబు పెట్టారు. శనివారం శనివారం పట్టీలు కట్టేవారు. రెండొందల పన్నెండు మంది కట్టించుకున్నారు. మొదటి ఏడాదే పంతొమ్మిది మందికి ఎరుపు వచ్చింది, పంతొమ్మిది మందీ బతికారు. టీవీల వాళ్లు వచ్చారు. మేడం వాళ్లతో మాట్లాడుతుంటే నేను వెనకాల నిలబడి, ఈవిడ మా గదిలో మనిషే అని పక్కవాళ్లకి చెప్పుకున్నాను.

ఆ రెండొందల పన్నెండు మందిలో మా తమ్ముడు దానియేలు ఒకడు.

దానియేలు ఆటోనగర్లో లారీ బాడీలకి రంగులేస్తాడు. లారీ వెనకాల నెమలి కావాలంటే జిల్లాలో వాడి తర్వాతే ఎవరైనా. జీవితంలో ఒక్క చుక్క మందు ముట్టలేదు. చిన్నప్పుడు మా ఊళ్లో ఒక ఆర్‌ఎంపీ ఒకే సూదితో వీధి మొత్తానికీ ఇంజెక్షన్లు పొడిచేవాడు. ఆ సూదిలోంచి వచ్చిన కామెర్ల వైరస్సు ముప్పై ఏళ్లు వాడి ఒంట్లో ఉండి కాలేయాన్ని తినేసింది. కాలేయం పోయిందంటే లోకం మొహం ఒకలాగే పెడుతుంది. పెళ్లిళ్లలో, ప్రార్థనల్లో, షెడ్డులో అందరూ వాణ్ణి తాగుబోతు కిందే లెక్కేశారు. వాడు ఎవరికీ సమాధానం చెప్పేవాడు కాదు. నేను మాత్రం ఊరుకునేదాన్ని కాను, వెనకాల మాట్లాడిన ప్రతివాణ్ణీ మొహం మీదే కడిగేసేదాన్ని.

పట్టీ కట్టాక వాడు ధీమాగా తిరగడం మొదలుపెట్టాడు. మూడు నెలలకోసారి చేయాల్సిన గొట్టం పరీక్ష కూడా, దీపం ఆకుపచ్చగా ఉంది కాబట్టి అక్కర్లేదని వాయిదా వేశారు.

ఒక గురువారం మామూలు చెకప్‌కి మా గదికి వచ్చాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని నేనే అడిగి రాసుకున్నాను. డ్యూటీ డాక్టరు ప్రోబ్ పెట్టి ప్లీహం కొలిచాడు. అంతకు ముందుకంటే వేలెడు పెరిగింది. తర్వాత సిర చప్పుడు స్పీకర్లో వచ్చింది. ధమని అయితే తట్టి తట్టి పలుకుతుంది. సిర ఆగకుండా ఒకే తీరున హోరుమంటుంది. వాడి సిరలో ఆ హోరు మామూలుగా లేదు. ఖాళీ పొట్టలో కూడా వరదలా ఉరుకుతోంది, ఊపిరి పీల్చినా తగ్గడం లేదు. అలాంటి చప్పుడు విన్న తర్వాత నెల తిరక్కుండా పోయినవాళ్లని నేను చూశాను. 

"డాక్టరుగారూ, ఇది బాలేదండీ," అన్నాను.

"అంకె హద్దులోనే ఉంది సిస్టర్. పట్టీ కూడా పచ్చగానే ఉంది కదా," అన్నాడాయన.

నేను సరాసరి మూడో అంతస్తుకి వెళ్లాను. ఇందుమతి మేడం టేబుల్ నిండా కాగితాలు. పట్టీని మూడొందల ఆసుపత్రులకి ఇవ్వొచ్చా లేదా అని తేల్చే కమిటీ సోమవారం ఢిల్లీ నుంచి వస్తోంది. నేను చెప్పింది ఓపిగ్గానే విన్నారు. వాడి రికార్డు తెరిచి చూశారు.

"మార్తమ్మగారూ, మీ చెవి మీద నాకు గౌరవమే. కానీ పట్టీ నాలుగు నెలల్లో పదిహేడు వేల సార్లు వింది. మీరు విన్నది ఒక్కసారి. తమ్ముడు కదా, భయం మామూలే."

"ఉయ్యూరు గోపయ్యకి కూడా పచ్చగానే ఉంది కదండీ మేడం."

ఆ పేరు ఎత్తగానే ఆవిడ మొహం వాడిపోయింది. గోపయ్య చెరకు రైతు. రెండు నెలల కిందట డొక్కకి పట్టీ, పట్టీ మీద పచ్చ దీపం వెలుగుతుండగానే రక్తం కక్కుకుని పోయాడు. రోగి ఆహార నియమాలు పాటించకపోవడం వల్ల జరిగింది అని ల్యాబు రిపోర్టు రాసింది. కింద సంతకం మేడందే.

"అది వేరు. ఆయన గట్టి పదార్థాలేవో తిన్నట్టున్నారు, అవి గీసుకుని సిర పగిలింది," అన్నారు ఆవిడ, కాగితాల వైపు చూస్తూ.

నేను కిందికి వచ్చేశాను. 

శనివారం నాకు సెలవు. పొద్దున్నే దానియేలు ఇంటికి వెళ్లాను, వాణ్ణి ఎలాగైనా ఇంకో ఆసుపత్రికి లాక్కెళ్లి గొట్టం వేయించాలని. వాడి భార్య భ్రమరాంబ తలుపు తీసింది. వాళ్లది ప్రేమ వివాహం. ఆదివారం వాడితో చర్చికి వస్తుంది, శనివారం వెంకటేశ్వరస్వామికి ఉపవాసం ఉంటుంది. ఆ ఇంట్లో ఇద్దరు దేవుళ్లకీ ఏ గొడవా లేదు.

మా వాడు పీట మీద కూర్చుని దోసెలు తింటున్నాడు.

"రా వదినా, నీకూ రెండు వేస్తాను. అన్నం మాత్రం అడక్కు, ఇవాళ మా ఇంట్లో ఉపవాసం," అంది భ్రమరాంబ, పెనం మీద నూనె చల్లుతూ.

"వాడికి కూడానా?"

"శనివారం పొయ్యి మీద ఎసరు పెట్టను కదా వదినా. మీ తమ్ముడూ నాతో పాటే."

దానియేలు అల్లం పచ్చడి నంజుకుంటూ నవ్వాడు. "శనివారం నేను కూడా భక్తుణ్ణే అక్కా."

నేను కుర్చీలో కూర్చోబోయి ఆగిపోయాను. ఇరవై మూడేళ్లుగా అడుగుతున్న మాట దానంతటదే నోట్లోంచి వచ్చింది.

"ఒరేయ్, నీకు పట్టీ కట్టింది ఏ వారం?"

"శనివారమే. వాళ్లు కట్టేది శనివారాలే కదా."

"ఆ పొద్దున నోట్లోకి ఏమేం వెళ్లాయి?"

వాడు భార్య వైపు చూశాడు. భ్రమరాంబ ఆలోచించి చెప్పింది: "ఆ రోజు పెసరట్టు, ఉప్మా. మూడు తిన్నారు. ఆసుపత్రిలో ఎంతసేపవుతుందో ఏమోనని నేనే పెట్టాను."

"వాళ్లు ఏం అడిగార్రా?"

"ఉపవాసమేనా అని అడిగారు. ఉపవాసమేనన్నాను. ఫోన్లో వాళ్లు పంపించిన మెసేజీలో కూడా ఉపవాసంతో రండి అనే ఉంది. అన్నం ముట్టలేదక్కా, ఒట్టు."

వాడు అబద్ధం చెప్పలేదు. అడిగినవాళ్లూ తప్పుడు మాట అడిగామనుకోలేదు. మన ఇళ్లలో అన్నం మానేస్తే అది ఉపవాసం, ఆ రోజు మామూలు కంటే ఎక్కువ టిఫిన్లు పడతాయి. మా చర్చిలో ఉపవాసమంటే సాయంత్రం దాకా మంచినీళ్లు కూడా ముట్టం, అందుకేనేమో నాకు తేడా వెంటనే తగిలింది. మూడు పెసరట్ల మీద రక్తం ఉరకలేస్తున్నప్పుడు వాడి పరగడుపు గీత గీశారు. గీత అంత ఎత్తున ఉంటే, ఆ తర్వాత ఎంత ముప్పు వచ్చినా పట్టీకి తక్కువగానే కనిపిస్తుంది. పచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది. వాడి చేతిలోంచి పళ్లెం లాగేసుకున్నాను. "ఇక చాలు, లే," అన్నాను.

ల్యాబులో అప్పటికే ఆరుగురు వరసగా కూర్చుని ఉన్నారు, పట్టీలు కట్టించుకోవడానికి. నేను మేడంతో ఒక్క ముక్క కూడా మాట్లాడకుండా ఆ వరస ముందు నిలబడి అడిగాను, నోట్లోకి ఏమేం వెళ్లాయని. మొదటాయన రెండిడ్లీలు అన్నాడు. రెండో ఆవిడ అటుకులు, పాలు. మూడో ఆయన ఏమీ లేదన్నాడు. నాలుగో ఆయన ఉపవాసమే కదమ్మా అంటూ చపాతీలు లెక్కపెట్టాడు.

ఇందుమతి మేడం తలుపు దగ్గర నిలబడి అంతా విన్నారు. ఆవిడ చాలా తెలివైన మనిషి, నేను ఇంకేం వివరించక్కర్లేకపోయింది. గోడకి చేయి ఆనించారు.

"ఫారంలో ఉపవాసం అవును, కాదు అని పెట్టాను," అన్నారు. "మా అమ్మ కూడా శనివారాలు ఉప్మా తింటుంది మార్తమ్మగారూ. నేను ఆవిడ పక్కన కూర్చుని తిన్నాను. నాకెందుకు తట్టలేదు?"

 నాకు ఆవిడ మీద జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"అది తర్వాత ఏడుద్దురుగాని, ముందు మా వాణ్ణి చూడండి," అన్నాను.

వాడు అప్పుడే తిని ఉన్నాడు కాబట్టి పొట్ట ఖాళీ అయ్యేదాకా ఆగాలి. వాణ్ణి వార్డులో పడుకోబెట్టారు. నాలుగు సీసాల రక్తం సిద్ధంగా పెట్టించారు. ఆదివారం పొద్దున ఆరు గంటలకి మేడం స్వయంగా మా గదికి వచ్చారు. జెల్ అరచేతిలో వెచ్చబెట్టి వాడి డొక్కకి రాశారు. ఈసారి స్పీకర్లో వచ్చిన చప్పుడు ఇద్దరం విన్నాం. ఆవిడ కళ్లు మూసుకున్నారు, తెరిచాక నా వైపు చూడలేకపోయారు.

పాత గీత చెరిపేసి, పట్టీ కట్టిన మర్నాడు తెల్లవారుజామున వాడి ఖాళీ పొట్టలో అది విన్న చప్పుడునే కొత్త గీతగా పెట్టారు. పట్టీ నాలుగు నెలల చప్పుళ్లన్నీ మళ్లీ లెక్కేసుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ దానియేలు పైకప్పు కేసి చూస్తూ, ఈ గదికి కొంచెం రంగేయిస్తే బాగుంటుందక్కా అన్నాడు. 

దీపం పసుపులోకి వచ్చి ఆగలేదు. ఎర్రగా వెలిగింది.

అరగంటలో గొట్టం దించారు. మేడం బయటికి రాలేదు, లోపలే నిలబడి చూశారు. గొంతు కింద నాలుగు సిరలు వేలెడు లావున ఉబ్బి, పైన ఎర్రటి మచ్చలతో పగలడానికి సిద్ధంగా ఉన్నాయట. ఆరు బ్యాండ్లు వేశారు. వాడు స్పృహలోకి వచ్చి మంచినీళ్లు అడిగినప్పుడు నేను వార్డులో అందరూ చూస్తుండగా భోరుమని ఏడ్చాను. భ్రమరాంబ నా భుజం పట్టుకుని, నా పెసరట్లే ఇంత పని చేశాయి వదినా అంది. ఆ పిల్లని గట్టిగా కసురుకున్నాను, ఇంకెప్పుడూ ఆ మాట అనొద్దని.

సోమవారం కమిటీ వచ్చింది. గోపయ్య రిపోర్టు అలాగే ఉంచి, గీతలు నెమ్మదిగా దిద్దుకుని ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. పెద్ద డాక్టర్లు ఇద్దరు మేడంకి అదే సలహా చెప్పారని తర్వాత విన్నాను. ఆవిడ కమిటీ ముందు లేచి నిలబడి, మా పట్టీ వినడంలో తప్పు లేదు, మేం అడగడంలో తప్పుంది, ఒక మనిషి పోయాడు, ఇంకొకడు పోబోయాడు, ఈ తప్పు పట్టుకున్నది ఈవిడ అని నన్ను చూపించారు. అనుమతి ఏడాది వెనక్కి పోయింది. రెండొందల మందికి పైగా మళ్లీ పిలిపించి, నోట్లోకి వెళ్లినవన్నీ నా చేత రాయించి గీతలు కొత్తగా పెట్టారు. అందులో నూట ముప్పై ఒక్క మంది శనివారం టిఫిన్ తిని వచ్చినవాళ్లే. తొమ్మిది మందికి ఎరుపు వచ్చింది. తొమ్మిది మందీ ఇవాళ బతికి ఉన్నారు.

గోపయ్య మిగిలాడు.

"ఉయ్యూరు వెళ్దాం, వస్తారా?" అని మేడం నన్ను అడిగారు.

గోపయ్య ఇంటి వసారాలో మంచం మీద వాళ్లమ్మ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి చుట్టుపక్కల నలుగురూ చేరారు. గోపయ్య భార్య నాంచారమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, గోడ వారగా వెళ్లి నిలబడింది. ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో, యాభై ఏళ్ల మనిషిలా ఉంది.

"ఇంకేముందమ్మా రావడానికి," అంది ముసలావిడ. "నా కొడుకు తిండి వల్లే పోయాడని మీ కాగితంలోనే రాశారు. అదేం వండి పెట్టిందో ఏమో. ఊరంతా చదివించుకున్నాం."

నాంచారమ్మ తల ఎత్తలేదు. నెలల తరబడి ఆ మాటే వింటోందని చూస్తేనే తెలుస్తోంది.

ఇందుమతి మేడం కుర్చీలోంచి లేచారు. "ఆ కాగితం రాసింది నేనేనండీ. అది తప్పు," అన్నారు. సంచీలోంచి కొత్త రిపోర్టు తీశారు. తెలుగులో రాయించి, కింద సంతకం పెట్టి తెచ్చారు. నిలబడే చదివారు. "గోపయ్యగారి మరణానికి ఆయన తిన్న తిండి కారణం కాదు. ఆయన భార్య నాంచారమ్మగారు పెట్టిన భోజనంలో ఏ లోపమూ లేదు. పట్టీ కట్టిన రోజున ఏం తిన్నారని మేం సరిగ్గా అడగలేదు, తిన్న పొట్ట మీదే కొలిచాం. దానివల్ల పట్టీ ప్రమాదాన్ని చూపించలేకపోయింది. తప్పు పూర్తిగా నాది."

అంత చదువుకున్న మనిషి, అంత పేరున్న మనిషి, ఒక పల్లెటూరి వసారాలో పదిమంది ముందు నిలబడి ఆ మాట చదువుతుంటే నా ఒళ్లు గర్వంతో పొంగిపోయింది. టీవీల్లో కనిపించిన రోజున కూడా ఆవిణ్ణి చూసి అంత గర్వపడలేదు.

నాంచారమ్మ గోడ దగ్గర్నుంచి ముందుకు వచ్చింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా పడదామనే మేడం వచ్చారు.

"మా అత్తకి చెవులు సరిగ్గా వినపడవు," అంది. "ఇంకోసారి చదవండమ్మా. గట్టిగా."

మేడం మళ్లీ మొదటి నుంచి చదివారు, వీధిలోకి వినపడేలా. ఎదురింటి అరుగు మీద ఉన్నవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. నాంచారమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.  ముసలావిడ మంచం మీద కొంచెం పక్కకి జరిగి, కోడలి చేయి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

మూడోసారి ఎవరూ అడగలేదు. వీధి చివర్నుంచి ఇంకో నలుగురు వస్తుంటే, వాళ్లు దగ్గరికి వచ్చేదాకా ఆగి, మేడమే మళ్లీ చదివారు.